నెత్తురులో లోహం, లెక్కలో లేని జనం

తుంటి కీలు అరిగిన మనిషి గోస ఇంట్లో చూసినవాళ్లకే తెలుస్తుంది. మంచం దిగలేరు, మెట్లెక్కలేరు, రాత్రి పక్కకు ఒత్తిగిల్లలేరు. అప్పోసప్పో చేసి ఆపరేషన్ చేయిస్తాం. మనిషి లేచి నడిస్తే చాలనుకుంటాం. లోపల ఏ కంపెనీ కీలు వేశారో, దాన్ని ఏ వాలులో కూర్చోబెట్టారో అడగం. అడగాలని మనకెవరూ చెప్పలేదు. అలా అడగకపోవడం ఎంత నష్టమో తెలియాలంటే ఒక్క ఏఎస్సార్ కథ చాలు.

జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డెప్యూ కంపెనీ అమ్మిన తుంటి కీలు పేరు ఏఎస్సార్. గిన్నె లోహమే, అందులో తిరిగే బంతీ లోహమే. రెండూ కోబాల్ట్, క్రోమియం మిశ్రమం. లోహం తొందరగా అరగదు, వయసులో ఉన్నవాళ్లకు ఇదే మేలు అని నమ్మబలికారు. ప్రపంచంలో సుమారు 93 వేల మందికి వేశారు. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. ఐదేళ్లు తిరిగేసరికి నూటికి 12, 13 మందికి మళ్లీ కోత తప్పలేదని బ్రిటన్ లెక్కలు బయటపెట్టాయి. 2010 ఆగస్టులో కంపెనీ ఆ కీలును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

లోపల జరిగిందేమిటి? గిన్నెను సుమారు 45 డిగ్రీల వాలులో కూర్చోబెట్టాలి. 55 దాటి నిటారుగా కూర్చుంటే బరువంతా గిన్నె అంచు మీద పడుతుంది. రెండు లోహాల నడుమ ఉండాల్సిన తడి పొర పోతుంది. లోహం లోహాన్ని గీకుతుంది. ఆ పొడి చుట్టూ ఉన్న కండను చంపుతుంది. కోబాల్ట్, క్రోమియం నెత్తురులో కలుస్తాయి. కోబాల్ట్ మరీ ఎక్కువైన కొందరిలో గుండె, థైరాయిడ్, చూపు, వినికిడి కూడా దెబ్బతిన్నాయి. లీటరు నెత్తురులో 7 మైక్రోగ్రాములు దాటితే హెచ్చరికగా చూడాలని బ్రిటన్ నియంత్రణ సంస్థ 2010లో చెప్పింది.

ఫిర్యాదులు వస్తే కంపెనీ ఏమన్నది? డాక్టర్లు సరిగా అమర్చలేదన్నది. ఇది సగం నిజం. సగం నిజం అబద్ధం కన్నా ప్రమాదం. వాలు తప్పితే లోహం పెరుగుతుందన్నది నిజమే. కానీ ఏఎస్సార్ గిన్నె లోతే తక్కువ. ఇంకాస్త లోతున్న గిన్నెలు తట్టుకున్న వాలును అది తట్టుకోలేదు. చిన్న సైజులు పడిన వాళ్లకు, అంటే ఎక్కువగా ఆడవాళ్లకు, మరింత నష్టం జరిగింది. ఎంత మంచి డాక్టరు చేతిలోనైనా నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. కొంచెం ఒరిగితే ఇరుసు విరిగే బండిని అమ్మి, బాట బాగలేదంటే ఒప్పుకుందామా? ఐదేళ్లలో దాదాపు నూటికి 40 మందిలో ఇది విఫలమవుతుందని 2011లో కంపెనీ సొంత విశ్లేషణే అంచనా కట్టింది. ఆ సంగతి 2013లో అమెరికా కోర్టు విచారణలో గానీ బయటపడలేదు.

అదే ఏడాది అమెరికాలో సుమారు 8 వేల మంది కేసుల్లో కంపెనీ దాదాపు 250 కోట్ల డాలర్లకు ఒప్పందానికి వచ్చింది. మన దగ్గర 2017 దాకా నిపుణుల కమిటీయే లేదు. 2018లో పరిహారం 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా అని లెక్క కట్టారు. కానీ ఆ కమిటీ నాటికి ఆచూకీ దొరికింది వెయ్యి పైచిలుకు మందే! మిగతా మూడున్నర వేల మంది ఏ ఊళ్లో ఉన్నారు? తుంటి నొప్పిని వయసు మీదికి నెట్టి మూలకు కూర్చున్నారా? ఆస్ట్రేలియాలో ప్రతి కీలూ రిజిస్ట్రీకి ఎక్కుతుంది కాబట్టి అక్కడ ముందే పసిగట్టారు, 2009లోనే అమ్మకం ఆగింది. మన దగ్గర సరుకుకు బిల్లు ఉంది, మనిషికి లెక్క లేదు.

భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఇప్పుడు వేసే కీళ్లలో ఎక్కువ భాగం ప్లాస్టిక్, సిరామిక్ జోడింపువే. కానీ లోహం మీద లోహం కీలు ఉన్నవాళ్లు నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి, నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. ఆ ఒక్క అంకెతోనే అంతా తేలదు. అంకె తక్కువున్నా కండ దెబ్బతిన్నవాళ్లున్నారు. ఎక్స్‌రే, అవసరమైతే ఎమ్మారై కూడా చూడాలి.

ఉద్యోగ మిత్రులారా, ఇంట్లో ఎవరికైనా తుంటి మార్చి ఉంటే మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు తిరగేయండి. ఇంప్లాంట్ స్టిక్కర్ ఉందేమో చూడండి. లేకుంటే కంపెనీ, మోడల్, లాట్ నంబరు ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. విద్యార్థులారా, చదువు రాని తల్లిదండ్రుల కాగితాలు మీరే చదివి పెట్టండి. ప్రతి కీలూ తప్పనిసరిగా నమోదయ్యే రిజిస్ట్రీ కావాలి. లోహం కీలు ఉన్నవాళ్లకు పరీక్షలు ఉచితంగా జరగాలి. మనుషులు దొరకలేదని ఫైలు మూస్తే ఊరుకునేది లేదు. వెతకాల్సింది అమ్మినవాళ్లు, అనుమతిచ్చినవాళ్లు.

ఒంట్లో ఏం పెట్టారో తెలుసుకోవడం ఎవరి దయా కాదు, మన హక్కు. లెక్క అడగనిదే ఎవరూ చెప్పరు. అడుగుదాం!