ఆ హోరుకి అలవాటు పడాలా?

చిన్న ఇళ్ళలో కంప్యూటర్ ఉండేది చాలాసార్లు పెద్దవాళ్ళు పడుకునే గదిలోనే. దాని హోరుకి నిద్ర పట్టడం లేదంటే "సర్దుకోండి" అంటాం. నన్నడిగితే మార్చాల్సింది ఆ ఫ్యాన్‌ని.

మిక్సీ కోసం నాలుగు షాపులు తిరుగుతాం కదా, దీనికీ అలాగే చూడాలి. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్ అయితే, లోపలి వేడిని బట్టి మదర్‌బోర్డే వేగం తగ్గిస్తుంది, పెంచుతుంది. క్యాబినెట్‌లో పడితే 80 మిల్లీమీటర్ల దాని బదులు 120ది తీసుకోండి. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరిగినా అంత గాలీ తోలుతాయి. పోల్చేటప్పుడు ఎంత వేగంగా తిరుగుతుందనే దానికంటే ఎంత నెమ్మదిగా తిరగగలదో చూడండి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడు!

ఒకరి చదువు కోసం ఇంకొకరి నిద్ర చెడక్కర్లేదు కదండీ.