చిన్న పాటలో పెద్ద కృతజ్ఞత

రోజులో మనం ఎక్కువసార్లు వాడే మాటల్లో 'థ్యాంక్స్' ఒకటి. బస్సులో కాస్త జరిగి చోటిచ్చినవారికి, దుకాణంలో చిల్లర తిరిగిచ్చినవారికి ఆలోచించకుండానే ఆ మాట చెప్పేస్తాం. కానీ దేవుని ఎదుట మోకరించినప్పుడు మాత్రం అది అంత సులువుగా నోటికి రాదు. ప్రార్థనలో రెండు నిమిషాలు స్తుతి, మిగిలిన ఇరవై నిమిషాలు అర్జీలు! పదిమంది కుష్టురోగులు బాగుపడితే ఒక్కడే తిరిగొచ్చి యేసు పాదాల వద్ద సాగిలపడ్డాడని, పైగా అతడు సమరయుడని లూకా రాశాడు (లూకా 17:11-19). మిగిలిన తొమ్మిదిమందీ చెడ్డవారేం కాదు. ప్రభువు చెప్పినట్టే యాజకులకు కనబరచుకోవడానికి వెళ్లారు. వారిలో విధేయత ఉంది, విశ్వాసమూ ఉంది. లేనిదల్లా కృతజ్ఞతే.

ఆ ఒక్క మాటనే పాటగా కట్టి తన దేశానికి నేర్పిన జర్మన్ సంగీతకారుడు మార్టిన్ గోట్‌హార్డ్ ష్నైడర్. 1930 ఏప్రిల్ 26న కోన్‌స్టాన్స్ పట్టణంలో పుట్టాడు. 2017 ఫిబ్రవరి 3న అదే ఊళ్లో ప్రభువునందు నిద్రించాడు. హిట్లర్ పాలనలో అతని బాల్యం గడిచింది. యుద్ధం ముగిసి దేశం శిథిలాల మధ్య నిలబడేనాటికి అతనికి పదిహేనేళ్లు. ఆ తర్వాత వేదాంతశాస్త్రమూ, చర్చి సంగీతమూ రెండూ చదివాడు. ఫ్రైబుర్గ్ నగరంలో చర్చి సంగీత సారథిగా పనిచేశాడు. 17వ శతాబ్దపు మహా స్వరకర్త హైన్రిష్ షూట్జ్ పేరు పెట్టుకున్న గాయకబృందాన్ని నడిపించాడు. సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. బాడెన్ ప్రాంతపు ప్రొటెస్టెంట్ సంఘాల సంగీత పరిచర్యను పర్యవేక్షించే బాధ్యతనూ మోశాడు. ఇంత శాస్త్రీయ శిక్షణ ఉన్న మనిషిని లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం చిన్నపిల్లలు కూడా ఒకటి రెండుసార్లు వింటే పాడుకోగల ఒక చిన్న పాటతో. దాని పేరు 'డాంకె'. జర్మన్ భాషలో 'కృతజ్ఞతలు' అని అర్థం.

ఆ పాట పుట్టిన పరిస్థితిని గమనించాలి. యుద్ధం తర్వాత పదిహేనేళ్లలో పశ్చిమ జర్మనీ ఆర్థికంగా వేగంగా కోలుకుంది. ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, ఉద్యోగాలున్నాయి, ఇళ్లలోకి కొత్త సామాను వస్తోంది. ఆదివారం ఆరాధనలో మాత్రం యువతరం కనబడటం తగ్గింది. రేడియోలో ఒక భాష, చర్చిలో మరో భాష. వారంలో ఆరు రోజులు జాజ్ వినే కుర్రవాడికి ఆర్గాన్ మీద నెమ్మదిగా సాగే మూడు వందల ఏళ్లనాటి కీర్తన తన పాటగా అనిపించలేదు. దీన్ని గుర్తించిన టుట్సింగ్‌లోని ప్రొటెస్టెంట్ అకాడమీ 1960లో ఒక పోటీ ప్రకటించింది. ఈ కాలపు సంగీత శైలిలో, ఈ కాలపు మాటల్లో కొత్త ఆత్మీయ గీతాలు రాయమని ఆహ్వానించింది. వెయ్యికి దగ్గరగా పాటలు వచ్చాయి. 1961లో మొదటి బహుమతి 'డాంకె'కు దక్కింది.

పాటలో ఆరు చరణాలున్నాయి. వాటిలో గంభీరమైన సిద్ధాంత పదాలు వెతికినా దొరకవు. తెల్లవారినందుకు, స్నేహితులున్నందుకు, చేతికి పని ఉన్నందుకు, సంగీతం కోసం, చిన్న చిన్న ఆనందాల కోసం దేవునికి వందనాలు చెబుతుంది. అంతటితో ఆగిపోతే అది సంతోషంగా ఉన్నవారి పాటగానే మిగిలేది. శత్రువును క్షమించగలిగే శక్తి కోసం, దుఃఖ ఘడియల కోసం కూడా అది కృతజ్ఞత చెబుతుంది. పదహారేళ్ల క్రితం వరకు పొరుగు దేశాలతో యుద్ధం చేసి, వారిని చంపి, తానూ చచ్చిన జాతి నోట 'శత్రువును క్షమించగలను, అందుకు వందనం' అనే భావం పలకడం చిన్న సంగతా? అదే 1961 ఆగస్టులో బెర్లిన్ నగరాన్ని చీలుస్తూ గోడ లేచింది. ఇరుగుపొరుగువారు రాత్రికి రాత్రి పరాయివారైన ఆ ఏడాదిలో ఈ పాట బహుమతి అందుకుంది.

బోతో లూకాస్ గాయకబృందం దీన్ని రికార్డు చేసింది. చరణం చరణానికీ శృతి కాస్త పెంచుతూ పాడిన ఆ రికార్డు 1963లో సినిమా పాటలు, ప్రేమ పాటల సరసన జనాదరణ పట్టికలోకెక్కి వారాల తరబడి నిలిచింది. ఒక చర్చి పాటకు అది ఊహించని సంగతి. క్రమంగా ఇరవైకి పైగా భాషల్లోకి అనువాదమైంది.

ఆదరణతోపాటు విమర్శలూ వచ్చాయి. ఇది మరీ తేలిక, మరీ పల్చన అన్నారు కొందరు వేదాంతులు. దైవారాధనకు తగిన గాంభీర్యం లేదన్నారు కొందరు చర్చి సంగీతకారులు. విమర్శలన్నీ అసూయతో పుట్టినవని కొట్టిపారేయలేం. పని ఉన్నందుకు కృతజ్ఞత చెప్పే చరణాన్ని పని పోగొట్టుకున్నవాడు ఎలా పాడాలి? ఆసుపత్రి మంచం మీదున్న తల్లి 'మంచి ఉదయం' అని ఎలా అనాలి? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కృతజ్ఞతను ఒక హుషారైన అలవాటుగా మార్చేసి, పక్కనున్నవాడి కన్నీళ్లు చూడకుండా పాడేవారు అన్ని సంఘాల్లోనూ ఉన్నారు. అలాంటి పాటను దేవుడు అంగీకరించడని ప్రవక్త ఆమోసు ఎప్పుడో హెచ్చరించాడు (ఆమోసు 5:23-24).

అయితే ఆ ప్రశ్నకు జవాబు ఆ పాట చివర్లోనే ఉంది. అన్నిటికీ కృతజ్ఞతలు చెప్పాక, అలా చెప్పగలుగుతున్నందుకే చివరగా కృతజ్ఞత చెబుతుంది ఆ పాట. వేదాంతం చదివిన మనిషి చేయి కనబడేది ఇక్కడే. కృతజ్ఞత మనం దేవునికి చెల్లించే బాకీ అని అనుకుంటాం. నిజానికి కృతజ్ఞతగల హృదయం కూడా ఆయన ఇచ్చే వరమే. అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ప్రభువునందు ఆనందిస్తానన్న హబక్కూకుకు (హబ 3:17-18) ఆ ఆనందం పంట నుండి రాలేదు, పశువుల నుండి రాలేదు. దేవుని నుండే వచ్చింది. పౌలు కూడా ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమన్నాడు (1 థెస్స 5:18). అంటే జరిగినదంతా మంచిదని నటించమని కాదు, ఏది జరిగినా దేవుడు మన చేయి వదలలేదని ఒప్పుకోమని.

జర్మన్ సంఘానికి ఈ పాఠం కొత్త కాదు. ముప్ఫై ఏళ్ల యుద్ధకాలంలో ఐలెన్‌బుర్గ్ పట్టణంలో మార్టిన్ రింకార్ట్ అనే కాపరి ఉండేవాడు. 1637లో ఆ ఊరిని తెగులు ముంచెత్తింది. తోటి కాపరులు చనిపోగా మిగిలింది అతనొక్కడే. నాలుగు వేలకు పైగా సమాధి కార్యక్రమాలు జరిపించాడంటారు. అందులో తన భార్యది కూడా ఒకటి. అదే యుద్ధకాలంలో అందరం కలిసి దేవునికి వందనాలు చెల్లిద్దామని పిలిచే ఒక కీర్తన రాశాడు. జర్మన్ కీర్తనలన్నిటిలో ప్రఖ్యాతమైన వాటిలో అదొకటి. బాక్ దాన్ని తన కాంటాటాలలో వాడుకున్నాడు. నేడు ఆర్గాన్ మోగుతుంటే అందరూ లేచి నిలబడి పాడే ఆ మహా కీర్తన మొదట దేనికోసం రాసిందో తెలుసా? భోజనబల్ల దగ్గర చేసే చిన్న ప్రార్థన కోసం!

ఇంట్లో అన్నం ముందు చెప్పుకునే వందనం మూడు శతాబ్దాల్లో ఒక జాతి కీర్తన అయింది. మరి ఉదయం నిద్రలేవగానే చెప్పుకునే ష్నైడర్ వందనం పల్చనది ఎలా అవుతుంది? కాలం ఈ విషయాన్ని తేల్చింది. 1990ల్లో వచ్చిన జర్మన్ ప్రొటెస్టెంట్ కీర్తనల పుస్తకంలో 'డాంకె' 334వ పాటగా చోటు సంపాదించుకుంది. ఒకప్పుడు చర్చిలో పాడకూడదన్న పాటే లూథర్, పాల్ గెర్హార్ట్ కీర్తనల పక్కన నిలబడింది.

ష్నైడర్ పాత పాటలకు శత్రువు కాడని కూడా చెప్పుకోవాలి. పాత కీర్తనలను పాఠశాలల్లోనూ సంఘాల్లోనూ కొత్తగా అనుభవించడమెలాగో నేర్పే పుస్తకాన్ని మరొకరితో కలిసి తయారుచేశాడు. 1963లో సంఘాన్ని ఓడతో పోల్చి మరో పాట రాశాడు. రేవులో కట్టేసి ఉన్నంతకాలం ఓడకు ఏ తుపానూ తగలదు, కానీ ఓడను కట్టింది రేవులో ఉంచడానికి కాదుగదా అన్నది అందులోని ఒక ఆలోచన. ప్రభువు ఓడలో ఉన్నాడన్న ధైర్యం ఉంటే (మార్కు 4:35-41) సంఘం కొత్త తరం అనే సముద్రంలోకి బయలుదేరడానికి భయపడనక్కర్లేదు.

మన తెలుగు సంఘాల్లోనూ ఇదే వాదన వినబడుతోంది. పెద్దలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలంటారు. యువకులు కీబోర్డు, డ్రమ్స్‌తో కొత్త పాటలు కావాలంటారు. కొన్నిచోట్ల ఇది ఆరాధనను రెండు ముక్కలు చేసేదాకా వెళ్లింది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో, మన తాళాల్లో క్రీస్తును పాడినప్పుడు ఆ పాటలు కూడా కొత్తవేనని మరిచిపోతున్నాం. నేటి పాత పాటలన్నీ నిన్నటి కొత్త పాటలే. కీర్తనలు, సంగీతాలు, ఆత్మసంబంధమైన పద్యాలు అని పౌలు మూడింటినీ ఒకే వాక్యంలో చెప్పాడు. కృపాసహితంగా, హృదయంలో దేవునికి పాడమన్నాడు (కొలస్సీ 3:16). పాట వయసు ఎంతన్నది ఆయన అడగలేదు. క్రీస్తు వాక్యం మనలో సమృద్ధిగా నివసిస్తోందా అన్నదే ఆయన కొలత. ఆ కొలతకు పాత పాటా నిలబడాలి, కొత్త పాటా నిలబడాలి. ఆడంబరమే తప్ప వాక్యం లేని కొత్త పాట, పెదవులే తప్ప హృదయం కదలని పాత పాట రెండూ అక్కడ ఓడిపోతాయి.

ఇంతకీ మనం పాడే పాట సరే, మన పాటలో కృతజ్ఞత ఉందా? ఈ ఉదయం కళ్లు తెరిచాం. ఎవరో వంట చేశారు, ఎవరో రోడ్డు ఊడ్చారు, ఎవరో మనకోసం ప్రార్థన చేశారు. ఎవరినైనా క్షమించాల్సి ఉందేమో, ఆ శక్తి కోసం అడిగామా? ఏదైనా దుఃఖం మోస్తున్నామేమో, దానిలో తోడున్న దేవునికి ఒక్క మాట చెప్పామా? పెద్ద స్వరం అక్కర్లేదు, శిక్షణ పొందిన గొంతు అక్కర్లేదు. స్వస్థత పొంది తిరిగొచ్చిన ఆ సమరయుడికి సంగీతం వచ్చో రాదో లూకా రాయలేదు. గొప్ప శబ్దంతో దేవుణ్ని మహిమపరిచాడని మాత్రం రాశాడు. ఈ ఆదివారం ఆరాధనకు వెళ్లేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కొక్క విషయానికి దేవునికి వందనాలు చెప్పండి. చిన్నపిల్లలతో మొదలుపెట్టండి. వారికి ఇది మనకన్నా బాగా వచ్చు.