కాపీ పేస్టుతో గిటారు వెడల్పవదు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాపీ పేస్టు చేసుకుని బతికే జీవిని నేను. ఆ విద్య గిటారు రికార్డింగులో కూడా పనికొస్తుందనుకోవడమే నేను చేసిన తప్పు.

ఓ స్నేహితుడు సొంతంగా పాట కట్టి, రిథమ్ గిటారు నన్ను వాయించమన్నాడు. రాక్ పాటల్లో ఎడమన ఒకటి, కుడిన ఒకటి గిటార్లు గోడల్లా నిలబడి మధ్యలో గొంతుకి చోటిస్తాయి చూశారా, అదే కావాలన్నాడు. ఒక్కసారి వాయించి, ట్రాకుని కాపీ చేసి, చెరో పక్కకీ తోశాను. ఏమీ మారలేదు. మారదు మరి! రెండు చెవులకీ ఒకే శబ్దం ఒకేసారి చేరితే మెదడు దాన్ని నెత్తి మధ్యలోనే కూర్చోబెడుతుంది.

సరే అని కుడివైపు కాపీని 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. హెడ్‌ఫోన్సులో అదిరిపోయింది. వెంటనే పంపించేశాను. వాళ్ళమ్మగారు ఒకే స్పీకరున్న ఫోన్లో విని, "ఏం బాబూ, రేకు గొట్టంలో కూర్చుని వాయించావా?" అన్నారు. నిజమే. ఒకే తరంగమూ, ఆలస్యంగా వచ్చిన దాని నకలూ కలిస్తే కొన్ని పౌనఃపున్యాలు కొట్టేసుకుంటాయి. 20 మిల్లీసెకన్లకి 25 హెర్ట్జ్ దగ్గర మొదలై, ప్రతి 50 హెర్ట్జ్‌కీ ఒక గొయ్యి. దువ్వెన పళ్ళలా ఉంటుంది కాబట్టే దాన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

తర్వాతి ప్రయోగం, ఒకే గిటారుని రెండు ఆంప్లకి కలపడం. శబ్దం చిక్కబడింది గానీ వాయించింది ఒకే చెయ్యి, ఒకే క్షణం. పైగా ఒక ఆంప్ సిగ్నల్‌ని తిరగేస్తే బేస్ మాయమైపోతుంది. రెండిటి ఎర్తులూ కలిసి హమ్ మొదలవుతుంది. అది పోవాలని ప్లగ్గు ఎర్తు పిన్ను మాత్రం పీకకండి, ప్రాణం మీదకి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న స్ప్లిట్టర్ వాడండి.

ఈ బద్ధకం నా ఒక్కడిదే కాదులెండి. ఒకే గొంతుని రెండుసార్లు పాడటం లెనన్‌కి విసుగొస్తే, 1966లో అబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్సెండ్ టేపు మెషీన్లతో ఏడీటీ అనే పద్ధతి కనిపెట్టాడు. అందులో రెండో టేపు వేగం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడంలోనే మనిషితనం ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ: రెండుసార్లు వాయించాల్సిందే. మొదటిది ఒక ఆంప్‌లో, రెండోది వేరే ఆంప్‌లో. గెయిన్ కాస్త తగ్గించండి, రెండు ట్రాకులూ కలిశాక ఎలాగూ బురదవుతుంది. చివర్లో మోనోలో విని చూసుకోండి.

నేనూ అలాగే చేద్దామని కూర్చుంటే నా రెండో టేకు మొదటిదానితో కలవలేదు. అంటే, వచ్చనుకున్న ఆ పాట నాకసలు రాదన్నమాట! ఒక ఆదివారమంతా మెట్రోనోమ్ పెట్టుకుని నేర్చుకున్నాక గానీ గోడలు లేవలేదు. కాపీ పేస్టు ఇంతకాలం దాచిపెట్టింది ఆ సంగతే.