పేర్ల చీటీలు మార్చిన మొగుడు

వీపనగండ్ల పిల్లలకు,

ఆలుమగల అనుమానం మీద మీరు పంపే రీల్సు చూస్తూనే ఉన్నా. ఫోన్లు గుంజుకోవడం, పాస్‌వర్డు అడగడం, అరుపులు. నవ్వు రాదని కాదు, సంగతంతా నోటితోనే చెప్పేస్తున్నారు. మాటే లేకుండా ఇదే అనుమానంతో నవ్వించిన మూకీ ఒకటుంది. 1924లో హాలీవుడ్‌లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ది మ్యారేజ్ సర్కిల్’. కథ జరిగేది వియన్నాలో.

మొదట్లోనే ఒక ప్రొఫెసరు మేజోడుకు చిల్లు కనబడుతుంది. ఆయన సొరుగు దాదాపు ఖాళీ. పెండ్లాం సొరుగు మాత్రం కిక్కిరిసి ఉంటుంది. ఆ కాపురం ఎట్లుందో ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పెండ్లాం మిట్జి, తన స్నేహితురాలి మొగుడి మీదే కన్నేస్తుంది. అతనొక డాక్టరు. ఇంట్లో విందు పెడితే, మిట్జి పక్కన కూర్చోవాల్సి వస్తుందని బల్ల మీది పేర్ల చీటీలు గుట్టుగా మార్చేస్తాడు. భార్య చూడనే చూస్తుంది. కొత్త చీటీ ఇంకో అమ్మాయిది కదా, ఆ పిల్ల మీద మనసు పడ్డాడనుకుంటుంది. ‘ఆమె దగ్గరికి పోనీయకు, కాస్త చూసుకో’ అని మొగుణ్ణి ఎవరికి అప్పజెప్పిందనుకున్నారు? మిట్జికే! భార్య చూసింది నిజమే, అనుకున్నదే తప్పు. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పట్టుకుని పంచాయితీ పెట్టేవాళ్లు ఈ విందు ఒక్కటి చూసినా చాలు.

ఇదంతా దొరల దేశం ముచ్చట అనుకునేరు. సత్యభామ అలకకు తెల్లవార్లూ నవ్విన జనం మనం. పెండ్లి పేరుతో మూకీలు మన హైదరాబాదులోనూ తీశారు. కలకత్తా నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922లో నిజాం అండతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 1923లో వచ్చిన ‘ది మ్యారేజ్ టానిక్’ ఆయనదే. మరుసటేడు ‘రజియా బేగం’ అనే బొంబాయి సినిమా ఆడించినందుకు నిజాంకు కోపమొచ్చి, ఆయన్ను రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఆ కాలపు రీళ్లు నైట్రేటువి. ఇట్టే అంటుకునేవి, ఊరికే పెట్టినా చివికిపోయేవి. ఈ దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే దక్కినవి బహు కొద్ది.

లూబిచ్ సినిమా మాత్రం దక్కింది, మన ఊళ్లో వేసుకుని చూద్దాం. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, అవి తెలుగులో చెప్పే మనిషి కావాలి. ఆ రోజుల్లో తెర పక్కన నిలబడి ఒకాయన కథ చెప్పేవాడు. మీలో ఎవరు చెప్తారో తేల్చుకోండి. గోడకు తెల్లగుడ్డ కట్టే పని మీది, ప్రొజెక్టరు కిరాయి నాది.

మీ ఊరి పెద్దాయన