మాట్రిమోనీ మనకి, పాట్రిమోనీ వాళ్ళకి

పెళ్ళిసంబంధాల ప్రకటనల మీద ‘మాట్రిమోనియల్’ అని అచ్చు వేస్తారు చూడండి, ఆ మాటలో అమ్మ ఉంది. లాటిన్‌లో ‘మాతేర్’ అంటే తల్లి. దాన్నించి పుట్టిందే ‘మాత్రిమోనియుం’, అంటే పెళ్ళి. మన ‘మాతృ’ శబ్దానికి ఆ ‘మాతేర్’ వరసకి చెల్లెలే. సంస్కృతానికీ లాటిన్‌కీ చుట్టరికం ఉందని విలియం జోన్స్ దొర 1786లోనే కలకత్తాలో చెప్పాడు.

“చూశావా అమ్మాయ్, ఆ దేశాల వాళ్ళు కూడా పెళ్ళికి తల్లి పేరే పెట్టుకున్నారు, ఎంత గౌరవమో!” అని మా బంధువుల్లో ఒక పెద్దాయన మురిసిపోతూ ఉంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ మాటకొక తోబుట్టువుంది. ‘పాతేర్’ అంటే తండ్రి. దానికీ సరిగ్గా అదే తోక తగిలిస్తే ‘పాత్రిమోనియుం’. అంటే తండ్రి పెళ్ళి అనుకునేరు! తండ్రి నుంచి వచ్చే ఆస్తి. తోక ఒకటే. అమ్మకి తగిలిస్తే మూడు ముళ్ళు, నాన్నకి తగిలిస్తే ముప్ఫై ఎకరాలు. ఇదీ గౌరవం!

పోనీ, ఆ పెళ్ళిలోనైనా ఆడదాని ఇష్టానికి చోటుందా? లాటిన్ నుడికారంలో తండ్రి పిల్లని మాత్రిమోనియుంలోకి ‘ఇస్తాడు’, వరుడు ‘తోడుకుపోతాడు’. కన్యాదానం, పాణిగ్రహణం ఎరిగిన మనకి వేరే వ్యాఖ్యానం కావాలా?

లాటిన్ కడుపున పుట్టిన భాషలూ ఈ పంపకాన్నే పాటించాయి. ఇటలీలోనూ, స్పెయిన్‌లోనూ ‘మత్రిమోనియో’ అంటే పెళ్ళి, ‘పత్రిమోనియో’ అంటే ఆస్తి. ఫ్రెంచివాళ్ళయితే కోటలూ చర్చిలూ సహా జాతి సంపదనంతా ‘పాత్రిమ్వాన్’ అనేస్తారు. తల్లివైపు నుంచి వచ్చే ఆస్తికి వాళ్ళ పాత భాషలో ‘మాత్రిమ్వాన్’ అనే మాట ఉండేది, వాడుకలోంచి జారిపోయింది. అక్కడి ఆడవాళ్ళు ఊరుకోలేదు లెండి. 2015 నుంచి ఏటా సెప్టెంబరులో ఆ పేరుతోనే ఉత్సవం చేస్తూ, రచయిత్రులనీ చిత్రకారిణులనీ జనానికి గుర్తుచేస్తున్నారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. రోమన్లు మాటలో అన్యాయం చేసినా చట్టంలో కొంత నయం. వీలునామా రాయకుండా తండ్రి పోతే, ఆయన అధీనంలో ఉన్న కూతుళ్ళకీ కొడుకులతో పాటు సమాన వాటా ఉండేది. రెండు వేల ఏళ్ళ నాటి సంగతి!

మరి మన సంగతో? ‘పిత్రార్జితం’ అనని ఇల్లుందా? ‘మాత్రార్జితం’ అని ఎవరి నోటన్నా విన్నారా? అమ్మ సొత్తంటే ఓ గొలుసు, నాలుగు పట్టుచీరలు, మహా అయితే పసుపు కుంకుమల కింద రాసిన అరెకరం. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుహక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకి 1985 సెప్టెంబరు నుంచి వచ్చింది. అందులోనూ మెలికే. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి లేదన్నారు. మాట్రిమోనీ అయిందా, పాట్రిమోనీ పోయిందన్నమాట! లాటిన్ ముక్క రాకపోయినా ఎంత చక్కగా అర్థం చేసుకున్నారో. ఆ మెలిక 2005లో కేంద్ర చట్టంతో పోయింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని, అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్చింది.

తీరిస్తేనేం? రిలీజు డీడనే కాగితం ఒకటుందిగా. అన్నయ్య కారు పంపిస్తాడు, వదిన పసుపు కుంకుమలిచ్చి చీర పెడుతుంది, రిజిస్ట్రారాఫీసులో చెల్లెలు సంతకం పెట్టి వస్తుంది. వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని భయం. “నీ పెళ్ళికి బోలెడు ఖర్చయింది కదమ్మా” అని పైగా ఒక లెక్క. సరే, ఆ లెక్క పక్కనే అన్నయ్య చదువుకీ, సీటుకీ కట్టిన డబ్బు కూడా రాయమనండి, చూద్దాం.