మేలురకపు పెట్రోలు: మేలెవరికి?

అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలియందలి వస్త్ర, ఔషధ కర్మాగారములకు దినదినము పనికి బోవువారిలో అనేకులు మోటారుసైకిళ్లపైననే పోవుచున్నారు. చుట్టుపట్ల గ్రామముల భూస్వాములును, అనకాపల్లి, విశాఖపట్టణముల వర్తకులును కార్లు నడుపుచున్నారు. వీరందరికిని పెట్రోలు నేడు విలాసవస్తువు కాదు. ఉప్పు, బియ్యములవలె దినవెచ్చములలో జేరినది. ఇట్టి వస్తువును పలు పేర్లతో పలు వెలలకు అమ్ముచుండగా, హెచ్చువెల యిచ్చువారికి హెచ్చుఫలము దక్కుచున్నదా యని విచారించుట అవసరము.

హిందూస్థాన్ పెట్రోలియమువారు ‘పవర్’ అనియు, ఇండియన్ ఆయిల్‌వారు ‘ఎక్స్‌పీ’ అనియు, భారత్ పెట్రోలియమువారు ‘స్పీడ్’ అనియు మేలురకములను అమ్ముచున్నారు. కొన్నిటి ప్రక్కన 95, 97, 100 అను అంకెలు గలవు. ఇవి ఆక్టేన్ సంఖ్యలు. అంకె పెరిగినకొలది పెట్రోలునందు శక్తి పెరుగునని పలువురు భావించుచున్నారు. ఇది పొరపాటు. ఆక్టేన్ శక్తికి కొలత కాదు, ఓర్పునకు కొలత. ఇంజనులో పిస్టను ఒత్తిడికి లోనైన పెట్రోలు, నిప్పురవ్వచే బుట్టిన మంట తన్ను జేరకముందే తనంతట తాను భగ్గుమనక నిలుచు గుణమునే ఈ సంఖ్య తెలుపును. ఆ గుణము చాలనిచో ఇంజను టకటక కొట్టుకొనును, బలము తగ్గును, కాలక్రమమున పిస్టను చెడును. ఒత్తిడి హెచ్చుగా గల ఇంజనులకు హెచ్చు ఆక్టేన్ కావలసినదే. కాని 91 చాలిన ఇంజనులో 100 పోసినంతమాత్రమున బలము రాదు. ఆరడుగుల మనుష్యునకు ఏడడుగుల ద్వారము చాలును. పదడుగుల ద్వారము పెట్టిననాడు అతడు పొడుగు గాడు.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలోని మోటారుదారుల సంఘమగు ఏఏఏవారు 2016లో పరీక్షించి, సాధారణ పెట్రోలునకు నిర్మింపబడిన కార్లలో మేలురకము పోసినందువలన చెప్పదగిన లాభము లేదని తేల్చిరి. మేలురకము పోయుట మంచిదని తయారీదారులే సూచించిన కార్లను 2017లో పరీక్షింపగా, సగటున మైలేజి నూటికి 2.7 వంతులు, బలము 1.4 వంతులు మాత్రమే పెరిగినవి.

మేలురకములలో ఇంజనును శుభ్రపరచు రసాయనములు గలవని కంపెనీలు చెప్పుచున్నవి. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. మంచి శుభ్రకములు చేరిన పెట్రోలు వాల్వులపై మసి గట్టకుండ జేయుననుటకు ఏఏఏవారి పరీక్షలే సాక్ష్యము. అయితే ఇది దీర్ఘకాలమున గలుగు మేలు. ఒక్క ట్యాంకుతో బండికి రెక్కలు రావు. ఏ కంపెనీ శుభ్రకము ఎంత పనిచేయునో పేరు జూచి తెలిసికొనుట అసాధ్యము.

ఇటీవల మరియొక మార్పు వచ్చినది. సాధారణ పెట్రోలులో నూటికి 20 వంతుల ఇథనాలు కలుపుచున్నారు. ఇట్లు కలిపిన పెట్రోలు 95 ఆక్టేనునకు జేరినదని కేంద్ర పెట్రోలియము శాఖవారే 2025 ఆగస్టులో తెలిపిరి. అట్లయినచో 95 అను అంకెకు హెచ్చువెల యిచ్చుట దేనికి? ఇకపై ఆ రకమునకు మిగిలిన విశేషము శుభ్రకమే. ఇథనాలులో లీటరునకు ఉష్ణశక్తి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. పాత పద్ధతి కార్లలో మైలేజి నూటికి 6, 7 వంతులు తగ్గవచ్చునని నీతి ఆయోగ్ నివేదిక 2021లోనే తెలిపినది. చెరకు పండించు మన జిల్లా రైతులకు ఇథనాలు వలన గిట్టుబాటు కలిగినచో సంతోషమే. కాని ఈ నష్టమును ఆక్టేన్ పూరింపజాలదని వినియోగదారులు గ్రహింపవలయును.

లెక్క మిక్కిలి సులభము. సాధారణ పెట్రోలు లీటరు 110 రూపాయలు, మేలురకము 118 రూపాయలు అనుకొందము. లీటరునకు 50 కిలోమీటర్లు పోవు బండి, మేలురకముతో 53.6 కిలోమీటర్లు పోయిననే పెట్టిన సొమ్ము తిరిగి వచ్చును. పైన జెప్పిన 2.7 వంతుల లాభమే దక్కినను అది 51.4 కిలోమీటర్లు దాటదు. నెలకు 20 లీటర్లు వాడు కార్మికుడు ఏటికి 1,920 రూపాయలు అదనముగా చెల్లించును. ఆ సొమ్ము పిల్లల పుస్తకములకు వచ్చును. నమ్మనివారు ఒకే పంపునొద్ద, ఒకే త్రోవలో, ఒక్కొక్క రకమును మూడేసి ట్యాంకులు నిండుగా పోయించి కిలోమీటర్లు వ్రాసికొని చూచుకొందురుగాక. తమ బండికి ఏ ఆక్టేన్ కావలయునో బండితో వచ్చిన పుస్తకమున వ్రాసియే యుండును. ఆ పుస్తకము హెచ్చు ఆక్టేనును కోరినచో మేలురకము కొనుట న్యాయమే.

మైలేజి కోరువారు పేరుకంటె ముందు విచారింపవలసినవి వేరే గలవు. చక్రములలో గాలి సరిగా నుంచుటయు, గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగమున నడుపుటయు పెట్రోలియము పరిరక్షణ సంస్థవారి హితవు. అనుమానము గలిగినప్పుడు పంపునొద్ద అయిదులీటర్ల కొలపాత్రతో కొలిపించుకొనుటకును, వడపోత కాగితముతో పరీక్షింపించుటకును, సాంద్రత యడుగుటకును ప్రతి వినియోగదారునకు హక్కు గలదు. కొలత తప్పిన మేలురకముకంటె నిండుకొలత సాధారణమే మేలు.

విశాఖ చమురుశుద్ధి కర్మాగారమును 1957లో కాల్టెక్స్ అను విదేశీ కంపెనీ స్థాపించినది. 1976లో అది జాతీయము గావింపబడి, 1978లో హిందూస్థాన్ పెట్రోలియములో కలిసినది. పైని పేర్కొనిన మూడు కంపెనీలును ప్రభుత్వరంగ సంస్థలే. ప్రజల సొత్తయిన సంస్థ ప్రజలకు నిజము జెప్పుటలో పరాయి వర్తకునికంటె ఒక మెట్టు పైన నుండవలదా? ప్రతిరకమునందును ఆక్టేన్ ఎంతయో, ఇథనాలు ఎంతయో పంపుపైననే తెలుగున వ్రాయింపవలయును. సామాన్యముగా వాడుకలోనున్న బండ్లపై స్వతంత్ర సంస్థచే పరీక్షలు చేయించి ఫలితములను ప్రకటింపవలయును. మేలు నిజమైనచో పరీక్షకు వెనుదీయ నక్కరలేదు. అంతవరకు మేలురకమునకు ఋజువడిగిన పిమ్మటనే కొనువారు సొమ్మీయవలయును.