తల్లి పోయిన కుందేలు పిల్లలకు ఇంకో తల్లే దిక్కు

కుందేళ్లు పెంచే ఇళ్లలో తరచూ వినే మాట ఒకటుంది. "తల్లి పిల్లల దగ్గరకే పోవడం లేదండీ, పాలివ్వడం మానేసింది" అంటారు. వెంటనే పిల్లల్ని తీసి గంపలో వేసుకుని, ఆవుపాలలో నీళ్లు కలిపి ఇంకు ఫిల్లరుతో పోయడం మొదలుపెడతారు. నాలుగు రోజులు తిరక్కుండానే పిల్లలు పోతాయి. చాలాసార్లు తప్పు తల్లిది కాదు, మన తొందరది.

కుందేలు మేకలాగా అస్తమానం పాలిచ్చే జంతువు కాదు. రోజుకు ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, అదీ ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో పెట్టెలోకి దిగి మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి పోతుంది. మీరు చూసే వేళకు దూరంగా కూర్చునే ఉంటుంది. కనుక తల్లిని కాదు, ఉదయం పూట పిల్లల పొట్ట చూడండి. పొట్ట నిండుగా ఉండి, ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతుంటే పాలు తాగినట్లే. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి, చెయ్యి తగలగానే ఎగిరెగిరి పడుతుంటే ఆకలన్నమాట.

తల్లి నిజంగానే చచ్చిపోతే? రెండు మూడు రోజుల తేడాలో ఈనిన మరో కుందేలు దగ్గర చేర్చడమే మొదటి మార్గం. ఆ తల్లిని కాసేపు వేరుగా ఉంచి, దాని పెట్టెలోని బొచ్చుతో ఈ పిల్లల్ని మెల్లగా రుద్ది, దాని పిల్లల మధ్యన పెట్టండి. గంట తరవాత తల్లిని వదలండి. వాసన కలిసిపోతే సాధారణంగా కాదనదు. దానికుండే చన్నులు ఎనిమిదే అనుకుని లెక్క చూసుకోండి. తల్లి జబ్బుతో పోయిందన్న అనుమానం ఉంటే మాత్రం ఈ పని చేయవద్దు.

అమ్మేవాళ్లమీద నా కోపమంతా ఇక్కడే. ఒక మగది, ఒక ఆడది, జత కొంటే చాలు, ఏడాదిలో కొట్టం నిండుతుందంటారు. మేమూ అలాగే జత తెచ్చాం. రెండో ఈతలో నాలుగో రోజున తల్లి పోయింది. పిల్లలు ఆరు. మా ఆవిడ రాత్రులు కూర్చుని పాలు పట్టింది. రెండు మిగిలాయి. పక్క బోనులో అదే వారం ఈనిన ఆడది ఉంటే ఆరూ బతికేవని అనను గానీ, నాలుగైనా దక్కేవి.

కుందేలు చూడి 30 నుంచి 32 రోజులు. ఒకేరోజు దాటిస్తే ఈతలూ దగ్గర దగ్గరగానే వస్తాయి. అందుకే ఆడవి తక్కువలో తక్కువ రెండు ఉండాలి, మూడైతే మరీ మంచిది. అంత మేత లేదంటారా, ఊళ్లో కుందేళ్లున్న మరో ఇంటితో మాట్లాడుకుని ఒకేరోజు దాటించండి. పైసా ఖర్చు లేని పని.

ఏ దారీ లేకపోతేనే డ్రాపరు. ముందు పిల్లను వెచ్చబరచాలి. చల్లబడ్డ పిల్లకు పాలు పడితే అరగదు. కుందేలు పాలలో వెన్న నూటికి పది పాళ్లకు పైనే, ఆవుపాలలో నాలుగు. అలాంటప్పుడు నీళ్లెందుకు కలపడం? మేకపాలు కాచి, గోరువెచ్చగా, కాస్త మీగడ కలిపి ఇవ్వండి. పంచదార వద్దు. మొదటి వారం పూటకు రెండు మూడు మిల్లీలీటర్లు, ఉదయం, సాయంత్రం. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పాలుపోతే అంతే. తాగాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోస్తుంది. దీన్ని మరిచి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. కళ్లు పది, పన్నెండు రోజులకు తెరుస్తాయి. మూడో వారం నుంచి ఎండుగడ్డి, కాసింత గరిక దగ్గర పెట్టండి.

కోతల్లో దొరికే చెవులపిల్లి పిల్లల సంగతి వేరు. అవి పుట్టడమే బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. దిక్కులేనివనుకుని ఇంటికి తెచ్చి పెంచకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కూడా. దొరికిన చోటే గట్టుమీద పొదకింద ఉంచి, కుక్కల్ని తోలేసి, మనుషులు పక్కకు తప్పుకుంటే చీకటి పడ్డాక తల్లే వస్తుంది.